దీవి ఎప్పుడు మారుమూలైంది? చరిత్ర పూర్వపు ఆనవాళ్ల కోసం చిన్న దీవులకు వెళ్లాలనుకునే విశాఖవాసులకు

విశాఖకు సముద్రం ఉంది గానీ దీవులు లేవు. బీచ్ రోడ్డులో ఎక్కడ నిలబడినా కనుచూపు మేరా నీళ్లే. యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకెళ్లినట్టు కనిపిస్తుంది కానీ అది నేలను వదల్లేదు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఉందంటే, అది గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఈమధ్య రెండు మూడు వందల ఏళ్లలో పెరిగిన మేట. కోనసీమ లంకలు ఏటి మధ్యవి. అందుకే మన ఊళ్లో దీవి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అండమానే. విశాఖ రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ప్రయాణికుల ఓడ ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రెండు రోజులు దాటే ప్రయాణం, కడుపులో తిప్పే కెరటాలు, వచ్చినవాళ్లు చెప్పే కబుర్లు... ఇవన్నీ కలిసి దీవి అంటే దూరం అన్న భావం మనలో గట్టిగా నాటుకుపోయింది.

దాంతో ఏమవుతుందంటే, వేల ఏళ్ల నాటి ఇళ్లు, సమాధులు ఉన్న చిన్న దీవుల గురించి మాట వచ్చినప్పుడు వినేవాళ్లు దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు. "అంత మారుమూల, ఆ నడిసంద్రంలో, ఐదు వేల ఏళ్ల కిందట మనుషులు ఎందుకున్నారండీ?" ప్రశ్న న్యాయమైనదే. కానీ అందులో రెండు ఊహలు దాగి ఉన్నాయి. ఆ చోటు అప్పుడు కూడా దీవేనని ఒకటి, అప్పుడు కూడా మారుమూలేనని రెండోది. చాలా చోట్ల ఈ రెండింట్లో కనీసం ఒకటి తప్పు. ఈ చిక్కు విడదీసుకోకుండా అంత డబ్బు పోసి, అంత దూరం వెళ్తే చూసేది రాళ్లగుట్టే అవుతుంది. విడదీసుకుని వెళ్తే అదే రాళ్లగుట్టలో ఒక ఊరు కనిపిస్తుంది.

సముద్రం ఒక చోట నిలవలేదు

ముందు మన గుమ్మం దగ్గరి నుంచే మొదలుపెడదాం. భీమిలి వెళ్లే దారిలో, నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు చాలామందికి సినిమా పాటలు తీసే చోటుగానే తెలుసు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. ఆ గౌరవం ఊరికే రాలేదు. మంచుయుగంలో భూమ్మీది నీళ్లలో బోలెడంత భాగం మంచుగా గడ్డకట్టి, సముద్ర మట్టం పడిపోయింది. సుమారు 20,000 ఏళ్ల కిందట అది ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పుడు బయటపడ్డ సముద్రపు అడుగు ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఒడ్డున కుప్పలు పోసింది. ఆ ఇసుకలోని ఇనుము ఖనిజాలు వేల ఏళ్లలో తుప్పు పట్టినట్టు ఎర్రబారాయి. దిబ్బల్లో రాతియుగపు మనుషులు చెక్కుకున్న చిన్న చిన్న రాతి పనిముట్లు కూడా దొరికాయి. ఇలాంటి దిబ్బలు దక్షిణాసియాలో మన దగ్గర కాకుండా తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి.

అంటే ఆ పనిముట్లు వాడినవాళ్లలో కొందరికి సముద్రం ఇప్పుడున్న చోట లేదు. వాళ్లు నడిచిన తీరం ఇవాళ ఫిషింగ్ హార్బర్ నుంచి బయల్దేరిన బోట్లు వలలు వేసే నీళ్ల కింద ఉంది. నాకు ఈ విషయం ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇదే సంగతి దీవులకు వర్తింపజేస్తే బొమ్మ మొత్తం మారిపోతుంది. సముద్రం కిందికి ఉన్న కాలంలో గ్రేట్ అండమాన్‌లోని ఉత్తర, మధ్య, దక్షిణ దీవులు ఒకే పెద్ద నేల. ఐరోపాలో బ్రిటన్‌కు, డెన్మార్క్‌కు మధ్య ఇవాళ ఓడలు తిరిగే ఉత్తర సముద్రంలో ఒక విశాలమైన మైదానం ఉండేది. శాస్త్రవేత్తలు దానికి డాగర్‌లాండ్ అని పేరు పెట్టారు. మంచు కరిగేకొద్దీ అది మునుగుతూ వచ్చి, క్రీ.పూ. 6000 ప్రాంతానికి దాదాపు పూర్తిగా నీళ్ల పాలైంది. కాబట్టి ఏ దీవికి వెళ్లాలనుకున్నా మొదట కనుక్కోవాల్సింది ఆ ఆనవాళ్ల వయసు, ఆ కాలంలో అక్కడి సముద్ర మట్టం. పది వేల ఏళ్ల నాటి ఆనవాలు అయితే వాళ్లు నడిచి వచ్చి ఉండొచ్చు. ఐదు వేల ఏళ్ల నాటిదైతే పడవలోనే వచ్చి ఉంటారు. ఈ రెండూ వేర్వేరు కథలు.

కొన్ని చోట్ల సముద్రం ముందుకు రాలేదు, వెనక్కి పోయింది. ధోలావీరానే తీసుకోండి. గుజరాత్‌లోని కచ్ రణ్‌లో ఖదీర్ బేట్ అనే దీవి మీద ఉన్న హరప్పా నగరం అది. సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1500 వరకు మనుషులు ఉన్నారు. ఇప్పుడు చుట్టూ చూస్తే కళ్లు జిగేల్మనే ఉప్పు మైదానం, మధ్యలోంచి తారు రోడ్డు. నగరం కళకళలాడిన రోజుల్లో మాత్రం రణ్‌లో పడవలు తిరిగేంత నీళ్లుండేవని పరిశోధకుల అంచనా. దీవి మీద ఎందుకు కట్టారన్నది ఆ నీళ్లను ఊహించుకుంటేనే అర్థమవుతుంది. జగత్ పతి జోషి 1960ల్లో గుర్తించిన ఈ చోట, ఆర్.ఎస్. బిష్త్ నాయకత్వంలో ఏళ్ల తరబడి తవ్వకాలు జరిగాయి. రాతిని తొలిచి కట్టిన పెద్ద పెద్ద నీటి తొట్లు, ఉత్తర ద్వారం దగ్గర దొరికిన పది అక్షరాల బోర్డు అక్కడి విశేషాలు. ఆ అక్షరాలను ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. 2021లో ధోలావీరా ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విశాఖ నుంచి కచ్‌లోని గాంధీధామ్‌కు వారానికోసారి నేరుగా రైలే ఉంది. దీవి మీది పురాతన స్థలాన్ని ఓడ ఎక్కకుండా చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా సుళువైన దారి మన దేశంలో లేదు.

ఎలుకలు చెప్పిన సాక్ష్యం

సరే, దీవి దీవే అయిందనుకుందాం, చుట్టూ నీళ్లు ఉన్నాయనుకుందాం. అప్పుడైనా అది మారుమూలేనా? దీనికి నాకు తెలిసిన గొప్ప జవాబు స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో ఉంది.

దాదాపు డెబ్బై దీవులు, వాటిలో మనుషులుండేవి ఇరవై. మొత్తం జనాభా ఇరవై రెండు వేలు. మన మధురవాడలో ఒక మూలకు సరిపోతారు. అక్కడి పొలాల్లో ఒక రకం చిన్న ఎలుక ఉంటుంది. ఈ జాతి పక్కనే ఉన్న బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఎక్కడా లేదు. దాని డీఎన్ఏ పోల్చి చూస్తే చుట్టరికం బెల్జియం వైపు ఎలుకలతో కలిసింది. ఐదు వేల ఏళ్లకు పైగా ఆర్క్‌నీలో ఉన్నట్టు ఎముకలు చెబుతున్నాయి. ఎలుక తనంతట తాను ఉత్తర సముద్రం ఈదలేదు కదా. ఎవరి పడవలోనో గడ్డి మధ్యనో, పశువుల మేత మధ్యనో వచ్చింది. అంటే ఐరోపా ప్రధాన భూభాగానికీ ఈ దీవులకూ ఆ కాలంలోనే పడవల రాకపోకలున్నాయి. ఆవులు, గొర్రెలు, బార్లీ విత్తనం కూడా పడవల్లో వచ్చినవే. స్కాట్లాండ్ తీరానికి, ఆర్క్‌నీకి మధ్య ఉన్న పెంట్‌లాండ్ జలసంధి వెడల్పు సుమారు పది కిలోమీటర్లే. కానీ ఆటుపోట్ల వేళ అక్కడి ప్రవాహం ప్రపంచంలోనే అతి వేగవంతమైన వాటిలో ఒకటి. అందులోంచి కాళ్లు కట్టేసిన దూడలతో దాటారంటే ఆ నీళ్ల మర్మం ఎరిగినవాళ్లే అయుండాలి.

ఇంకొకటి. గీతలు గీసిన ఒక తరహా మట్టికుండలు ఆర్క్‌నీలో మొదలై, అక్కడి నుంచి దక్షిణానికి, ఇంగ్లండ్‌లోని ప్రసిద్ధ రాతి వలయం స్టోన్‌హెంజ్ ప్రాంతం దాకా పాకాయని చాలామంది పురావస్తు నిపుణుల అభిప్రాయం. ఇవాళ లండన్ వాళ్లు ఎక్కడో ఉత్తరపు అంచు అనుకునే చోటు ఆ రోజుల్లో కొత్త పోకడలు పుట్టించే కేంద్రం.

మనకు ఇది వింతగా ఉండనక్కర్లేదు. జాలరిపేటలో వేటకెళ్లే ఎవరినడిగినా చెబుతారు, నేల మీద కొండ దాటడం కన్నా నీళ్ల మీద గాలివాటున పోవడం తేలికని. తొట్లకొండ బౌద్ధారామంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ కాలంలో భీమిలి తీరానికి అడవుల వెనకున్న ఊళ్ల కన్నా సముద్రం అవతలి రేవులే దగ్గర అయుండొచ్చు. రోడ్లు, రైళ్లు వచ్చాక లెక్క తలకిందులైంది. పడవల కాలంలో నడిబజారులా ఉన్న దీవులు లారీల కాలంలో మూలన పడ్డాయి. ఆర్క్‌నీ విషయంలో రాజకీయం కూడా కలిసింది. అది శతాబ్దాల పాటు నార్వే ఏలుబడిలో ఉండేది. 1468లో డెన్మార్క్–నార్వే రాజు తన కూతురు మార్గరెట్‌ను స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కు ఇచ్చి పెళ్లి చేస్తూ, కట్నం డబ్బు సర్దలేక ఈ దీవులను తాకట్టు పెట్టాడు. విడిపించలేకపోయాడు. ఓస్లో వైపు చూసిన దీవులు ఎడిన్‌బరో వైపు తిరిగాయి, ఒక రాజ్యానికి నడిమధ్య కాస్తా మరో రాజ్యానికి చివరి కొస అయిపోయింది.

మిగిలినవే ఎందుకు మిగిలాయి

"మన దగ్గర ఐదు వేల ఏళ్ల నాటి ఇల్లు ఒక్కటీ గోడలతో సహా నిలబడలేదు, ఆ చలి దీవిలో ఎలా నిలబడింది?" అన్నది రెండో ప్రశ్న. తెలివితేటల తేడా అని మాత్రం అనుకోవద్దు. మన తీరంలో తాటి దూలాలు, తాటాకు, మట్టి, వెదురు సమృద్ధిగా దొరికేవి. అవి వానకు, చెదకు, తుఫానుకు కరిగిపోతాయి. ఆర్క్‌నీలో చెట్లు తక్కువ. దానికి తోడు అక్కడి ఇసుకరాయి పొరలు పొరలుగా, పలకల్లా విడివడుతుంది. ఉలి లేకపోయినా గోడ కట్టొచ్చు.

అక్కడి స్కారా బ్రే ఊరిని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. 1850 చలికాలంలో ఒక పెద్ద తుఫాను ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బ మీది గడ్డిని లేపేస్తే కింద ఇళ్లు బయటపడ్డాయి. క్రీ.పూ. 3180 ప్రాంతం నుంచి ఆరేడు వందల ఏళ్లు మనుషులున్న ఊరు. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, వాటిని కలుపుతూ వంగి నడవాల్సిన ఇరుకు దారులు. ప్రతి గదిలో మధ్యన పొయ్యి, రెండు పక్కలా రాతి పలకలు నిలిపి కట్టిన మంచాలు, గుమ్మానికి ఎదురుగా రెండు అరల రాతి అలమర. మన పాత ఇళ్లలో వంటగది గోడకు కడప బండలు దూర్చి కట్టిన అలమర ఎలా ఉంటుందో అచ్చం అలాగే. లోపలికి అడుగుపెట్టిన మనిషికి మొదట కనిపించేలా ఇంట్లోని మంచి వస్తువులు అక్కడే పెట్టుకుని ఉంటారని నిపుణులు అంటారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు వరసగా పేర్చే చోటు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. నేల కింద మురుగు పోయే కాలువ కూడా ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. దాన్ని కాపాడింది మనుషులు కాదు, ఇసుక. ఊరు ఖాళీ అయ్యాక ఇసుక కప్పేసింది, పైన ఎవరూ నాగలి పెట్టలేదు, కొత్త పట్నం కట్టలేదు. దీవి తర్వాతి కాలంలో మూలన పడటం వల్లే దాని పాత వైభవం మనదాకా వచ్చింది. ప్రధాన భూభాగంలో అలాంటి ఊళ్లు ఎన్నో ఉండి ఉంటాయి, వాటి రాళ్లు ఏ చర్చి గోడకో, ఏ పొలం గట్టుకో పోయుంటాయి. చిన్న దీవుల్లో ఎక్కువ కనిపిస్తున్నాయంటే అక్కడే ఎక్కువ ఉన్నారని అనుకోకూడదు. అక్కడ చెరిపినవాళ్లు తక్కువ.

స్కారా బ్రే సంగతి ఇలా ఉంటే, దానికన్నా పాతది, నన్ను ఎక్కువగా లాగేది ఇంకొకటుంది. పాపా వెస్ట్రే అనే దీవిలోని నాప్ ఆఫ్ హోవర్. ఆ దీవి విస్తీర్ణం తొమ్మిది చదరపు కిలోమీటర్లు, జనాభా వంద లోపే. పశ్చిమ ఒడ్డున, అలలు కొట్టుకునే రాళ్ల పక్కనే రెండు ఇళ్లు జంటగా ఉంటాయి. క్రీ.పూ. 3700 ప్రాంతానివి. ఉత్తర ఐరోపాలో ఇంకా నిలబడి ఉన్న అతి పాత రాతి ఇళ్లలో ఇవి ముందు వరసలో నిలుస్తాయి. పెద్ద ఇంటి పొడవు సుమారు పది మీటర్లు. గోడలు మనిషి భుజం ఎత్తుకు ఇప్పటికీ ఉన్నాయి. పక్కింటికి గోడలోంచే దారి. నిలువు పలకలతో గదిని రెండుగా విడదీశారు. ఒక గదిలో గింజలు నూరుకున్న రాయి ఉంది. తవ్వకాల్లో ఆవు, గొర్రె ఎముకలు, ఆల్చిప్పల గుల్లలు దొరికాయి. పొలం పని, పశువులు, ఒడ్డున ఏరుకున్న గుల్లలు, ఇదీ వాళ్ల బతుకు. పిరమిడ్లు కట్టడానికి వెయ్యేళ్ల ముందు సంసారం అది. కట్టినప్పుడు సముద్రం ఇంత దగ్గరగా లేదు, మధ్యలో ఇసుక దిబ్బలు, పచ్చిక ఉండేవి. సముద్రమే నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

అలా వచ్చినది ఆగదు. ఇదే ఈ దీవులన్నిటికీ పెద్ద ముప్పు. స్కారా బ్రేలో 1924 నాటి తుఫాను ఒక ఇంటి భాగాన్ని కోసుకుపోయాక సముద్రానికి అడ్డంగా గోడ కట్టారు. రౌసే అనే మరో దీవిలో స్వాండ్రో దగ్గర, కెరటాలు మింగేలోపు తవ్వి నమోదు చేయాలని పురావస్తు బృందం ఏటా పోరాడుతోంది. విశాఖలో మనకు తీరం కోత అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రామకృష్ణ బీచ్‌లో ఇసుక ఎలా తరిగిపోతుందో చూస్తూనే ఉన్నాం. మన ఒడ్డున రెండో ప్రపంచ యుద్ధకాలపు కాంక్రీటు బంకరే కోతకు నిలవలేక ఒరిగిపోయింది. పలకరాయి గోడ ఏ మూలకు?

కొన్నిసార్లు కాపాడటమంటే మళ్లీ పూడ్చేయడమే. ఆర్క్‌నీలోనే నెస్ ఆఫ్ బ్రాడ్గర్ అనే చోట ఇరవై ఏళ్లు తవ్వి, అద్భుతమైన నవీన శిలాయుగ కట్టడాల సముదాయాన్ని వెలికితీసి, 2024లో మట్టితో కప్పేశారు. ఆ రాయి గాలికి, వానకు పొరలూడిపోతుంది, బయట ఉంచితే మిగలదు. ఇప్పుడు వెళ్తే గడ్డి మాత్రమే కనిపిస్తుంది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి ఆశపడి వెళ్లి నిరాశపడొద్దు. ఆ నిర్ణయం సరైనదని నా నమ్మకం.

అండమాన్ దగ్గర ఆగి ఆలోచించాలి

మన ఊరికి దగ్గరి దీవులు ఇవే కాబట్టి, మనం ఎక్కువ తప్పులు చేసే అవకాశం కూడా ఇక్కడే. అండమాన్‌లో రాతి ఇళ్లు, సమాధులు లేవు. అక్కడి పురాతన ఆనవాళ్లు గుల్లల కుప్పలు. తరతరాలుగా ఒకే చోట విడిది చేసి, తిన్న నత్తగుల్లలు, ఆల్చిప్పలు, పంది ఎముకలు, పగిలిన కుండలు వేస్తూ పోతే గుట్టలుగా ఏర్పడ్డాయి. పోర్ట్‌బ్లెయిర్‌కు దగ్గర్లోని చౌల్దారి కుప్పను పురావస్తు శాస్త్రవేత్త జరీన్ కూపర్ తవ్వారు. అందులో కింది పొరలకు రేడియోకార్బన్ పరీక్షలో రెండు వేల ఏళ్లకు పైబడిన వయసు తేలింది. జన్యు పరిశోధనలు మాత్రం అక్కడి మూలవాసుల పూర్వీకులు పదుల వేల ఏళ్ల కిందటే మిగతా ఆసియా జనాల నుంచి విడిపోయారని చెబుతున్నాయి. రెండు లెక్కల మధ్య ఇంత తేడాకు ఒక కారణం ఎర్రమట్టి దిబ్బల దగ్గర చెప్పుకున్నదే. తొలి విడుదుల్లో కొన్నయినా అప్పటి తీరంతో పాటే మునిగిపోయి ఉంటాయి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. అండమాన్ మూలవాసులైన సెంటినలీస్, జరావా, ఓంగే ప్రజలను "రాతియుగపు మనుషులు" అని రాసే అలవాటు మన పత్రికల్లో, వీడియోల్లో ఇంకా పోలేదు. వాళ్లు మనతో పాటే ఈ శతాబ్దంలో బతుకుతున్నారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల ఇనుమును సెంటినలీస్ బాణాల ములుకులకు వాడుతున్నారు. వాళ్ల బతుకు ఒక ప్రదర్శన వస్తువు కాదు. సెంటినలీస్ ఉండే ఉత్తర సెంటినల్ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదన్నది చట్టం. దీనికి పునాది 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన. కొబ్బరికాయలు పట్టుకుని ప్రభుత్వ బృందాలు వెళ్లిన రోజులూ ఉన్నాయి. 1991లో వాళ్లు ఆ కాయలు చేతికి అందుకున్నారు కూడా. తర్వాత ఆ యాత్రలను ప్రభుత్వమే మానుకుంది. 2018లో నిషేధాన్ని దాటి వెళ్లిన ఒక విదేశీయుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

చాలామంది ఆ చావు గురించే మాట్లాడతారు. అసలు ప్రమాదం అవతలి వైపుకు ఎక్కువ. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు స్థావరం పెట్టాక గ్రేట్ అండమానీస్ జనం వేలల్లోంచి పదుల్లోకి పడిపోయారు. 1877లో వచ్చిన తట్టు ఒక్కటే గుంపులకు గుంపులను తుడిచిపెట్టింది. 2010లో బోవా సీనియర్ కన్నుమూసినప్పుడు ఆమెతో పాటు బో భాషే పోయింది. మనకు రెండు రోజుల్లో తగ్గిపోయే జలుబు వాళ్లకు మహమ్మారి. జరావా ప్రాంతం గుండా పోయే రోడ్డు మీద బస్సు కిటికీలోంచి ఫోన్లు పెట్టి వీడియోలు తీసేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అది నేరం, అంతకు మించి అన్యాయం. వాళ్ల గురించి తెలుసుకోవాలంటే పోర్ట్‌బ్లెయిర్‌లోని ఆంత్రొపలాజికల్ మ్యూజియం ఉంది. ఒక పూట కేటాయించి నిదానంగా చూడండి.

దీవుల్లో మనుషులుండి, వాళ్లే ఆహ్వానిస్తున్నప్పుడు కూడా షరతులుంటాయి. చిలీ తీరానికి 3,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాపా నుయిలో, అంటే ఈస్టర్ దీవిలో, 2018 నుంచి పర్యాటకులు 30 రోజులకు మించి ఉండకూడదు. ఆ పెద్ద రాతి విగ్రహాలున్న పార్కును 2017 నుంచి అక్కడి మూలవాసుల సంఘమే నడుపుతోంది. మాల్టాలో నేల కింద తొలిచిన హైపోజియం అనే సమాధి నగరంలోకి గంటకు పదిమందినే పంపుతారు. మన ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ అక్కడి ఎర్ర రంగు చిత్రాలను తినేస్తాయి. టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఈ షరతులు చూసి విసుక్కోకుండా వాటి చుట్టూ ప్రయాణం అల్లుకోవడమే తెలివైన పని.

సముద్రం ఒప్పుకుంటేనే

ఇప్పుడు ప్రయాణం సంగతి. ఇలాంటి చోట్లకు వెళ్లేటప్పుడు మన తిరుపతి, షిరిడి లెక్కలు పనికిరావు. ఫలానా రోజు వెళ్లి ఫలానా రోజు తిరిగొచ్చేస్తాం అనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పొగమంచు కమ్మితే విమానం ఎగరదు, గాలి తిరిగితే పడవ కదలదు. విశాఖ నుంచి అండమాన్‌కైనా ఇదే సూత్రం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానాకాలపు కెరటాలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను ఏం చేసిందో చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఓడ టికెట్‌తో పాటు వాంతులు రాకుండా మాత్రలు తప్పనిసరి, అవి ఓడ కదలకముందే వేసుకోవాలి.

ఆర్క్‌నీకి వేసవిలోనే వెళ్లాలి. 59 డిగ్రీల అక్షాంశం కాబట్టి జూన్‌లో పద్దెనిమిది గంటల పగలు, డిసెంబరులో ఆరు గంటలే. చలికాలానికి ఒక ప్రత్యేకత లేకపోలేదు. మేస్‌హోవ్ అనే సమాధి గుట్టలోకి, ఏడాదిలో అతి చిన్న పగటి రోజుల్లో అస్తమించే సూర్యుడి వెలుగు పొడవాటి దారి గుండా లోపలి గోడ దాకా వెళ్తుంది. మన దగ్గరి పాత రాతి సమాధులు, అంటే రాకాసిగుళ్లు చూసినవాళ్లకు ఈ సమాధి కట్టిన తీరు కొంత పరిచయంగా అనిపిస్తుంది, కాకపోతే పరిమాణం చాలా పెద్దది. గోడల మీద 12వ శతాబ్దపు నార్స్ మనుషులు చెక్కిన గీతలు, పేర్లు ఉన్నాయి. అప్పటికే ఆ సమాధి నాలుగు వేల ఏళ్ల పాతది.

లండన్ మీదుగా ఎడిన్‌బరో లేదా అబెర్డీన్, అక్కడి నుంచి ఆర్క్‌నీలోని కిర్క్‌వాల్‌కు విమానం. లేదా స్కాట్లాండ్ ఉత్తర కొసన స్క్రాబ్‌స్టర్ నుంచి గంటన్నర ఫెర్రీ. కిర్క్‌వాల్ చేరాక చిన్న దీవులకు మళ్లీ వేరే ఫెర్రీలు, ఎనిమిది సీట్ల బుల్లి విమానాలు. పక్కపక్కనే ఉన్న వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య నడిచేది ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ విమాన సర్వీసు. దూరం 2.7 కిలోమీటర్లు, సమయం రెండు నిమిషాల లోపు. మన విశాఖ విమానాశ్రయం రన్‌వే పొడవే మూడు కిలోమీటర్లు ఉంటుంది. 1967 నుంచి నడుస్తున్న ఆ విమానం మనకు వింత, అక్కడివాళ్లకు డాక్టరు, టీచరు వచ్చే బండి. సరదా కోసం సీట్లన్నీ పట్టేస్తే పనిమీద వెళ్లాల్సినవాళ్లు ఆగిపోతారు. అందుకని ఎక్కేముందు ఒకసారి ఆలోచించండి. ఒక వైపు విమానం, మరో వైపు పడవ పెట్టుకుంటే ఇద్దరికీ మేలు.

ఆటుపోట్ల పట్టిక చూడటం నేర్చుకోవాలి. బ్రఫ్ ఆఫ్ బర్సే అనే చిన్న దీవికి ఆటు సమయంలో కాంక్రీటు బాట మీదుగా నడిచి వెళ్లొచ్చు. ఆటుకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు, అంతే. కబుర్లలో పడి ఆలస్యం చేస్తే పోటు వచ్చి బాట మునిగిపోతుంది, మళ్లీ ఆటు వచ్చేదాకా అవతలే కూర్చోవాలి. మన విశాఖలో పోటుకు, ఆటుకు తేడా తక్కువ కాబట్టి మనకు ఈ ధ్యాస ఉండదు. అక్కడ అది ప్రాణం మీదికి తెస్తుంది.

బూట్ల అడుగున మట్టి, సంచిలో గింజలు, పళ్లు లేకుండా చూసుకోవడం కూడా ముఖ్యమే. ఎలుక పడవలో వచ్చి ఐదు వేల ఏళ్లు బతికిందని చెప్పుకున్నాం కదా. 2010లో స్టోట్ అనే ముంగిసలాంటి వేట జంతువు ఆర్క్‌నీకి చేరింది. అది ఇప్పుడు ఆ ఎలుకలను, నేల మీద గుడ్లు పెట్టే పక్షులను తింటోంది. దాన్ని పట్టుకోవడానికి ఏళ్ల తరబడి బోనులు పెడుతున్నారు. చిన్న దీవికి చిన్న పొరపాటు చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ముందు ఎర్రమట్టి దిబ్బలనే చెబుతాను. పొక్లెయిన్లు దిగిన వార్తలు తరచూ వస్తున్నాయి, ఉన్నప్పుడే చూడాలి, చూసి ఊరుకోకుండా అడగాలి కూడా. ఆ తర్వాత చలికాలంలో ధోలావీరా. అండమాన్‌కు వెళ్తే మ్యూజియం, అనుమతి ఉన్న తీరాలు. వీసా, ఖర్చు సర్దుకోగలిగితే ఆర్క్‌నీ. అందులోనూ అన్ని దీవులూ చుట్టేయాలని కాలికి బలపం కట్టుకోకుండా, రెండు దీవులకు వారం రోజులు ఇవ్వండి. నాప్ ఆఫ్ హోవర్ దగ్గర టికెట్ లేదు, కాపలా లేదు, పొలాల గుండా నడిచి వెళ్లడమే. గోడల మీద ఎక్కకండి, రాయి ఏరుకోకండి, పశువులుంటే గేటు మళ్లీ వేసేయండి. ఇంటికి తిరిగి రావాల్సిన విమానానికి, ఆ దీవి వదిలే రోజుకు మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.